లెవీ గల్లా నుంచి కొనుగోలు కేంద్రం దాకా

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో సర్కారే రైతు దగ్గర ధాన్యం కొనేది. అమ్మనని చెప్పే హక్కు రైతుకు లేదు. ఎకరాల లెక్కన ఇంత గల్లా అని కట్టేవారు, బజారు కంటే తక్కువ ధర చేతిలో పెట్టేవారు. దీనికే లెవీ అని పేరు. లెక్కలు రాసే పట్వారీలు, వసూలు చూసే పటేళ్లు వందల ఎకరాలున్న దొరల గడీల జోలికి పోయేవారు కాదు. అక్కడ తగ్గిన గింజలు కూడా చిన్న రైతు మీదే పడేవి. పంట చేతికి రాని ఏడాది బజారులో ఎక్కువ పెట్టి గింజలు కొని, సర్కారుకు తక్కువకు కొలిచిన కుటుంబాలున్నాయి. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని రగిలించిన కష్టాల్లో వెట్టి, బేదఖలీలతో పాటు ఈ లెవీ కూడా ఒకటి.

మద్దతు ధర కథను ఈ లెవీ దగ్గర్నుంచి చెప్పుకోవడానికి కారణముంది. మన దేశంలో ప్రభుత్వం ధాన్యం కొనడం మొదలుపెట్టింది రైతును నిలబెట్టడానికి కాదు, పట్నానికి తిండి పెట్టడానికి. రైతుకు గిట్టుబాటు అన్న మాట ఆ తర్వాత వచ్చి చేరింది. ఏ పంటను కొంటారు, ఏది కొనరు, ఎవరికి డబ్బు అందుతుంది, ఎవరికి అందదు అనే నేటి తగాదాల్లో చాలా వాటికి మూలం అక్కడే దొరుకుతుంది.

కోస్తాలో కథ మరో దారిలో నడిచింది. 1930 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో పడినప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల్లో వడ్ల ధర కుప్పకూలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే శిస్తు పెంచాలని మద్రాసు ప్రభుత్వం పట్టుబట్టింది. పంట పండినా శిస్తు కట్టలేని పరిస్థితి రైతుకు అప్పుడే ఎదురైంది. ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలు కేంద్రంగా రైతులను కూడగట్టింది ఆ దశకంలోనే. పంట పోతే ఆదుకోమని అడగడం పాత సంగతి. పంట బాగా పండి ధర పోతే ఎవరు ఆదుకుంటారన్న ప్రశ్న డెల్టాలో గట్టిగా వినిపించింది అప్పుడే.

1943లో బెంగాల్ కరువు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. రేషను కార్డు, నియంత్రణ ధర, ధాన్యం సేకరణ అన్నీ కలిసి వచ్చిపడ్డాయి. డెల్టా వడ్లు మద్రాసు నగరానికి, మలబారుకు వెళ్లాలి. అందుకోసం ధాన్యం కదలికల మీద ఆంక్షలు పెట్టారు, మిల్లుల మీద నిఘా వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది కొనసాగింది. 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ఆ నియంత్రణలను ఎత్తేశారు. రెండేళ్లకు దేశమంతటా ఎత్తేశారు. ఆ తర్వాత దశాబ్దం పాటు ఢిల్లీ అమెరికా గోధుమల మీద ఆధారపడింది. ఓడల్లో చవగ్గా గోధుమలు దిగుతుంటే ఇక్కడి రైతుకు ధర ఇవ్వాలన్న తొందర ఎవరికీ లేకపోయింది.

1964 ఆ పరిస్థితిని మార్చింది. ఆ ఏడు తిండిగింజల ధరలు ఎగబాకాయి. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని, సి. సుబ్రహ్మణ్యం ఆహార మంత్రి. ప్రధాని కార్యదర్శి ఎల్.కె. ఝా అధ్యక్షతన వేసిన కమిటీ డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 1965 జనవరిలో వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు ఆర్థికవేత్త ఎం.ఎల్. దంత్వాలా. అదే నెల 14న, సంక్రాంతి రోజుల్లో, భారత ఆహార సంస్థ కావేరీ డెల్టాలోని తంజావూరులో తొలి జిల్లా కార్యాలయం తెరిచింది. ధర ఎంతుండాలో కమిషన్ చెబుతుంది, ఆహార సంస్థ కొంటుంది. అరవై ఏళ్లయినా ఈ ఏర్పాటు పునాది మారలేదు.

తొలి రోజుల్లో ధరలు రెండుండేవి. విత్తనం వేయకముందే ప్రకటించేది కనీస మద్దతు ధర. బజారు ఎంత పడినా దీనికి తగ్గకుండా కొంటామన్న హామీ అది. కోతలప్పుడు ప్రకటించేది సేకరణ ధర. రేషను షాపులకు కావలసిన గింజలను ప్రభుత్వం ఆ ధరకు కొనేది, అది కాస్త ఎక్కువగా ఉండేది. 1966-67లో గోధుమకు మద్దతు ధర క్వింటాలుకు 54 రూపాయలు. 1970ల మధ్య నుంచి ఈ తేడా చెరిగిపోయి ఒక్క ధరే మిగిలింది. కష్టకాలంలో కాపాడే ధర వేరు, అవసరానికి కొనే ధర వేరు అన్న స్పష్టత కూడా దాంతోపాటే పోయింది. చరిత్రలో ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది గాని, రైతుకు పెద్ద నష్టమే. అక్కడి నుంచి ఒకే అంకె అటు రేషను ఖర్చును, ఇటు రైతు ఇంటి ఖర్చును కూడా మోయాల్సి వచ్చింది.

కొత్త విత్తనాలు వచ్చిందీ ఆ రోజుల్లోనే. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్-8 వరి వేసి, కళ్లు చెదిరే దిగుబడి తీశారు. ఆయన్ను మిస్టర్ ఐఆర్-8 అనే పిలిచేవారు. ఆ తర్వాత మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది. బాపట్ల నుంచి సాంబ మసూరి, అంటే బీపీటీ-5204, 1986లో వచ్చింది. నీరు, విత్తనం, ఎరువు మూడూ ఉన్న చోట గింజ రాసులు పోసింది. రాసి పోసిన గింజను కొనేవాళ్లు కావాలి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. జొన్న, రాగి, సజ్జ తినే రాయలసీమ, తెలంగాణ పల్లెలకు బియ్యం చవగ్గా చేరింది. పేదవాడు కడుపునిండా వరి అన్నం తిన్నాడు. దాని విలువను ఎవరూ తక్కువ చేయలేరు. అయితే ప్రభుత్వానికి కావలసిన గింజ ఇక వరి ఒక్కటే అయింది. జొన్నకు, సజ్జకు ఏటా మద్దతు ధర ప్రకటన వచ్చేది, వాటిని అడిగే రేషను షాపు మాత్రం లేదు. మెట్ట రైతు బోరు వేసి వరి వైపు తిరగడానికి నీళ్లు ఎంత కారణమో, కొనేవాడు ఉన్నాడన్న ధీమా అంత కారణం.

ఆంధ్రప్రదేశ్‌లో కొనుగోలు చాలాకాలం నేరుగా జరగలేదు. రైతు మిల్లరుకు అమ్మేవాడు, మిల్లరు ఆడించిన బియ్యంలో 75 శాతం దాకా ఆహార సంస్థకు లెవీగా పెట్టి మిగిలింది బజారులో అమ్ముకునేవాడు. రైతుకు మద్దతు ధర ఇచ్చే కొన్నామని కాగితం చూపితేనే లెవీ బియ్యం తీసుకోవాలన్నది నిబంధన. ఆ కాగితం ఎప్పుడూ సక్రమంగానే ఉండేది. కళ్లంలో మాత్రం తేమ ఉందని, తాలు ఉందని, రంగు మారిందని ఎంతో కొంత కోత పడేది. ముందే అప్పు తెచ్చుకున్న రైతు కమీషన్ వ్యాపారికి ఎదురు చెప్పలేడు. లెవీ అనే మాట హైదరాబాద్ సంస్థానంలో రైతు మీద ఉండేది, ఇక్కడ మిల్లరు మీదికి మారింది. భారం మాత్రం రైతును వదల్లేదు. 2015 అక్టోబరు నుంచి కేంద్రం ఈ మిల్లు లెవీని రద్దు చేసింది.

అంతకు ముందే మరో దారి తెరుచుకుంది. ఇందిర క్రాంతి పథం కింద పొదుపు సంఘాల మహిళలు ఊళ్లోనే కొనుగోలు కేంద్రాలు నడపడం మొదలుపెట్టారు. ఐకేపీ సెంటర్ అన్న పేరు అలా వాడుకలోకి వచ్చింది. అప్పటిదాకా మగవాళ్ల చేతుల్లోనే ఉన్న కాంటా దగ్గర పుస్తకం పట్టుకుని మహిళలు కూర్చోవడం పల్లెల్లో మామూలు సంగతి కాదు. సంఘానికి క్వింటాలుకు ఇంతని కమీషన్ వచ్చేది. సహకార సంఘాల కేంద్రాలు కూడా పక్కనే పనిచేశాయి.

అలాంటి కేంద్రంలో పని ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. రైతు ట్రాక్టరులో వడ్లు తెచ్చి నేల మీద పరిచి ఆరబోస్తాడు. గుప్పెడు గింజలు తేమ కొలిచే మీటరులో పోస్తారు. అంకె 17 దాటకూడదు. 19 వస్తే మళ్లీ ఆరబోయాలి. ఆ రాత్రి మబ్బు పట్టిందంటే టార్పాలిన్ పట్టాల కోసం పరుగు మొదలవుతుంది. కొందరు కిరాయికి తెచ్చుకుంటారు, కొందరు ఇంట్లో ఉన్న చీరలు, దుప్పట్లు కూడా కప్పుతారు. తూర్పార పట్టి తాలు తీశాక గోనె సంచులు రావాలి. సంచులు వస్తే హమాలీలు రావాలి. హమాలీలు వచ్చి కాంటా పెట్టాక లారీ రావాలి. లారీ మిల్లుకు వెళ్లాక అక్కడ దించుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా రైతు కుప్ప దగ్గరే పడుకోవాలి.

తెలంగాణలో బస్తా 40 కిలోలు. సంచి బరువు తీయడం న్యాయమే. దానికి తోడు తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు ఎక్కువ తూచుకోవడం ఏటా వినిపించే గోడు. రెండు కిలోలంటే నూటికి అయిదు పాళ్లు. వంద క్వింటాళ్లు తెచ్చిన రైతుకు అయిదు క్వింటాళ్లు పోయినట్టు. 2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన పోయింది 11,845 రూపాయలు. ఢిల్లీలో ప్రకటించిన పెంపు ఆ ఏడాది 69 రూపాయలు, అంటే వంద క్వింటాళ్లకు 6,900. కాంటా దగ్గర పోయింది అంతకంటే చాలా ఎక్కువ. ధర మీద జరిగినంత చర్చ తూకం మీద జరగకపోవడం బాధ కలిగించే విషయం.

2011 ఖరీఫ్‌లో తూర్పు గోదావరి జిల్లా కోనసీమ రైతులు సార్వా వేయకుండా పొలాలు బీడు పెట్టారు. పంట విరామం, క్రాప్ హాలిడే అన్న మాటలు అప్పుడు దేశమంతా మారుమోగాయి. నీళ్లున్నాయి, నేల ఉంది, కాలవలు కట్టి ఒకటిన్నర శతాబ్దం దాటిన డెల్టా అది. అయినా రైతు నాగలి దించేశాడు. బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద 2008 నుంచి నిషేధం ఉంది. గోదాములు నిండిపోయాయి, కొనేవాళ్లు లేక దాళ్వా వడ్లు మద్దతు ధర కంటే తక్కువకు పోయాయి. మురుగు కాల్వలు పూడిపోయి చేలు మునిగాయి, కూలి ఖర్చు పెరిగింది. ఆ ఏడాది మద్దతు ధర 1,080 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. ఎగుమతి నిషేధాన్ని అదే ఏడాది సెప్టెంబరులో ఎత్తేశారు. తినేవాడికి ధర పెరగకూడదని ఎగుమతి ఆపినప్పుడు ఆ ఖర్చు ఖజానా భరించలేదు, రైతు భరించాడు. మద్దతు ధరను రైతుకు ఇచ్చే సబ్సిడీగా లెక్కగట్టేవారు ఈ ఎదురు లెక్కను కూడా రాసుకోవాలి.

ధరను లెక్కగట్టడంలోనూ తగాదా ఉంది. 2004లో ఏర్పడిన జాతీయ రైతుల కమిషన్, వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన, 2006లో చివరి నివేదిక ఇచ్చింది. సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని చెప్పింది. 2018లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రకటించింది. ఏ ఖర్చు మీద అన్నదే ప్రశ్న. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, ట్రాక్టరు కిరాయి లాంటి చేతి ఖర్చుకు ఇంటి మనుషుల కష్టం విలువ కలిపితే 2018-19లో క్వింటాలు వడ్లకు 1,166 రూపాయలు. దానికి ఒకటిన్నర రెట్లే ఆ ఏటి ధర, 1,750. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి వడ్డీ కూడా కలిపితే ఖర్చు 1,560. దానికి ఒకటిన్నర రెట్లు 2,340. రైతు సంఘాలు అడుగుతున్నది ఈ రెండోది. క్వింటాలుకు 590 రూపాయల తేడా ఇది. ఏ వ్యాపారంలోనైనా దుకాణం అద్దె, అప్పు వడ్డీ ఖర్చులోకే వస్తాయి. సేద్యంలో మాత్రం రాకూడదనడానికి న్యాయమైన కారణం కనిపించదు.

తెలంగాణ ఏర్పడ్డాక కొనుగోలు ఊహించని వేగంతో పెరిగింది. 2014-15లో రాష్ట్రం కొన్న వడ్లు 24 లక్షల టన్నులు. 2020-21లో 141 లక్షల టన్నులు. చెరువులు నిండాయి, ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి, కరెంటు వచ్చింది, ఊరూరా కొనుగోలు కేంద్రం తెరిచారు. అప్పుడు యాసంగి బియ్యం మీద పేచీ వచ్చింది. ఎండాకాలం కోతకొచ్చే వడ్లను పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది. అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాలు సొంతంగా పండించుకోవడంతో ఇక వద్దని కేంద్రం చెప్పింది. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఢిల్లీలో దీక్షకు కూర్చున్నారు. మర్నాడు మంత్రివర్గం సమావేశమై వడ్లన్నీ 1,960 రూపాయల మద్దతు ధరకు రాష్ట్రమే కొంటుందని ప్రకటించింది. ఆ కొన్ని నెలలూ ఏ పంట వేయాలో తెలియక రైతు పడిన యాతన చెప్పనలవి కాదు.

మద్దతు ధరలో గ్రేడ్-ఎ వడ్లకు, సాధారణ రకానికి తేడా ఇరవై రూపాయలే. సన్నాలకంటూ వేరే ధర లేదు. సన్నరకాలకు తెగులు భయం ఎక్కువ, దిగుబడి తక్కువ. సన్న బియ్యం తినేవారు ఎంతమంది ఉన్నా, ప్రభుత్వానికి అమ్మే రైతు దొడ్డు వడ్ల వైపే మొగ్గాడు. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. ఢిల్లీ ధర మీద రాష్ట్రం సొంత డబ్బు కలిపి పంట రకాన్ని మార్చడానికి చేసిన ప్రయత్నం ఇది.

వరి దాటితే కథ వేరు. రేషనులో లేని పంటకు ధర పడిపోయాక మాత్రమే ప్రభుత్వం కదులుతుంది. 2017లో మిర్చి ధర పాతాళానికి పడింది. అంతకు ముందు ఏడాది క్వింటాలు పన్నెండు వేలు దాటిందని అందరూ మిర్చే వేశారు. ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట కట్టలు తెంచుకుంది. అరెస్టు చేసిన రైతులను కొన్నాళ్ల తర్వాత సంకెళ్లతో కోర్టుకు తీసుకొచ్చారు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 5,000 రూపాయల ధర ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్వింటాలుకు 1,500 చొప్పున, రైతుకు 20 క్వింటాళ్ల వరకు, సాయం ఇచ్చింది. అప్పటికే చాలా పంట అయినకాడికి అమ్ముడుపోయింది.

2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడిదీ అదే తీరు. గుజ్జు ఫ్యాక్టరీల్లో కిందటి ఏడాది సరుకే మిగిలి ఉంది. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి, కాయ మగ్గి కారింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాము 4 రూపాయలు సబ్సిడీ కలుపుతామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ నాలుగు రూపాయలు రైతు ఖాతాలో పడటం నిజమైన ఊరటే. ఆ ఎనిమిది రూపాయలు ఇప్పించడమే కష్టమైంది. ధరలో ఒక భాగం ఖజానా నుంచి, మరో భాగం వ్యాపారి నుంచి వచ్చే ఏర్పాటులో వ్యాపారి భాగానికి పూచీ ఎవరన్నది ముందే తేలాలి.

ఆహార సంస్థ సంస్కరణల కోసం కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో ప్రభుత్వ సంస్థలకు పంట అమ్మి మద్దతు ధర పొందిన రైతులు ఆరు శాతమే. ఈ అంకెను చూపి మద్దతు ధరే దండగ అన్నవారున్నారు. తొంభై నాలుగు మందికి అందలేదంటే కొనుగోలు వాళ్ల దాకా తీసుకెళ్లాలని అర్థం చేసుకోవడమే సబబు.

ఆ అందని వారిలో కౌలు రైతుది మరీ దయనీయమైన స్థితి. గోదావరి డెల్టాలో వరి సాగు చేసేవారిలో చాలామంది కౌలుదారులే. పొలం కాగితం యజమాని పేరున ఉంటుంది, ఒప్పందం నోటిమాట మీద నడుస్తుంది. వడ్ల డబ్బు ఏ ఖాతాలో పడాలన్న దగ్గర చిక్కు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద ఇచ్చే పత్రం పదకొండు నెలలు చెల్లుతుంది, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులు జంకుతారు.

డెల్టాలో కౌలు తరచుగా బస్తాల్లోనే మాట్లాడుకుంటారు. అక్కడ బస్తా 75 కిలోలు. ఎకరానికి ఏడాదికి పాతిక బస్తాలు కౌలు అనుకుంటే, 2018-19 మద్దతు ధరలో దాని విలువ సుమారు 32,800 రూపాయలు. 2025-26 ధరలో సుమారు 44,400. మద్దతు ధర పెరిగిన ప్రతిసారీ కౌలు విలువ దానంతటదే పెరుగుతుంది. కౌలు రైతు మాత్రం వ్యాపారికి తక్కువకు అమ్ముకుని, కౌలును మద్దతు ధర లెక్కన చెల్లించే రోజులున్నాయి. అందుకే యజమాని సంతకంతో పనిలేకుండా, పొలంలో పంట ఎవరిదో గ్రామసభలో తేల్చి, సాగు చేసే మనిషి పేరునే గుర్తింపు కార్డు ఇవ్వాలని, వడ్ల డబ్బు అతని ఖాతాలోనే వేయాలని కౌలు రైతు సంఘాలు అడుగుతున్నాయి.